కాకరపువ్వొత్తియు, కానరాని ఓజోనును



కోవిల్‌పట్టి అగ్గిపెట్టెలు, శివకాశి బాణసంచా - ఈ రెండును మన ప్రాంతమున వేల ఇండ్లలో పొయ్యి వెలిగించు వృత్తులు. పొగను గూర్చి మాటాడుట మనకు ఇంటిగుట్టు విప్పుటవంటిది. అయినను నేడు నేను చెప్పదలచినది పొగను గూర్చి కాదు. కంటికి కానరాని ఓజోనును గూర్చి.

మీది ఆకాశముననున్న ఓజోను మనకు గొడుగు. నేలమీదిది ఊపిరితిత్తులను రేపు విషము. మన కరిసల్ నేలలోని ప్రత్తిపైరునకు సైతము అది చేటు. దీనిని ఏ పొగగొట్టమును నేరుగా వెలిగ్రక్కదు. లారీలును, తూత్తుకుడిలోనివంటి బొగ్గు విద్యుత్కేంద్రములును విడుచు నత్రజని ఆక్సైడులు ఒకవైపు, పెట్రోలు వార్నీషులనుండి ఎగయు కర్బనపు ఆవిరులు మరొకవైపు. ఎండ ఈ రెండింటిని కలిపి ఓజోనును వండును.

అట్లయిన ఒకదానిని తగ్గించిన చాలును గదా యని మీరనవచ్చును. చిక్కంతయు ఇక్కడనే కలదు. ఇంజనునుండి అప్పుడే వెలువడిన నైట్రిక్ ఆక్సైడు దాపుననున్న ఓజోనును మ్రింగివేయును. రద్దీ నగరమున దానిని మాత్రమే కొంత తగ్గించిన, మ్రింగువాడు కరవై ఓజోను పెరుగవచ్చును. 2020లో కరోనా కట్టడినాడు వాహనములు నిలువగా పెక్కు నగరములలో నత్రజని డయాక్సైడు పడిపోయినది. ఓజోను మాత్రము కొన్నింట పెరిగినది! పల్లెపట్టుల సంగతి వేరు. చెట్లు విడుచు ఆవిరులు అక్కడ సమృద్ధి. కొరతయెల్ల నత్రజని ఆక్సైడుదే. దానిని తగ్గించిన అక్కడ ఓజోనును తగ్గును. నగరపు గాలి మైళ్ళకొలది పయనించి పల్లెలను చేరును గనుక, ఒక ఊరి లెక్క మరొక ఊరికి సరిపడదు. అమెరికాలోని లాస్ ఏంజిలిసు రెండింటిని దశాబ్దములపాటు తగ్గించిన పిమ్మటనే ఊరట పొందినది.

ఇక మన ఇంటి సరకు. కాకరపువ్వొత్తిని - ఇచ్చట కంబి మత్తాప్పు అందురు - ఢిల్లీ జవాహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు కాల్చి పరీక్షించి, 2001లో 'నేచర్' పత్రికలో ఫలితము ప్రకటించిరి. ఎండ లేకయే, నత్రజని ఆక్సైడుల తోడు లేకయే ఓజోను పుట్టినదట! ఆ వెలుగులోని అతినీలలోహిత కిరణములు ప్రాణవాయువును చీల్చుటయే కారణమని వారి అభిప్రాయము. ఏడాదికొక రాత్రి ముచ్చటకై వృత్తిని మానుమనుట న్యాయము కాదు. ప్రతిదినము రోడ్డెక్కు లారీల లెక్క వేరు. అయినను ఉబ్బసమున్న బిడ్డను ఆ వెలుగునకు ఎడముగా నిలుపుడు.

భారతదేశమున 2009లో నిర్ణయించిన ప్రమాణము ఎనిమిది గంటల సగటున ఘనమీటరు గాలికి 100 మైక్రోగ్రాములు. ఓజోను సాధారణముగా మధ్యాహ్నము ముదురును. కావున వేసవిలో మన పిల్లల పరుగుపందెములను సాయంకాలము నాలుగు గంటలకు గాక, ఉదయము ఏడింటికే జరిపింపవలెనని పాఠశాలవారిని మీ పక్షమున కోరుచున్నాను.