మోకాళ్ళు, తుంటి కీళ్ళు - ఎం.ఆర్.ఐ. పరీక్ష

(పెన్షనర్ల దినోత్సవం సందర్భంగా బుచ్చిరెడ్డిపాలెంలో జరిగిన సభలో చేసిన ప్రసంగ పాఠము)



1982 డిసెంబరు 17న సుప్రీంకోర్టు నకారా కేసులో పెన్షన్ దయాభిక్ష కాదు, హక్కు అని తీర్పు చెప్పింది. అందుకే ఈ రోజున మనం కలుసుకుంటున్నాము. ప్రతిసారీ డి.ఎ. బకాయిల గురించి, లైఫ్ సర్టిఫికెట్ల గురించి మాట్లాడుకుంటాము. ఈసారి ఆరోగ్యం మీద మాట్లాడమని కార్యదర్శి గారు నన్ను కోరారు. ఈ హాలు మెట్లెక్కేటప్పుడు గోడ పట్టుకోని వారు మనలో ఎందరో లెక్క తీస్తే ఒక చేతి వేళ్ళు చాలు. అందుచేత మోకాళ్ళు, తుంటి కీళ్ళనే విషయంగా ఎంచుకున్నాను.

ముందుగా ఒక మనవి. నేను డాక్టరును కాను. తాలూకాఫీసులోను, సబ్ ట్రెజరీలోను గుమాస్తాగా పనిచేసి రిటైరైన వాడను. చదివినవి, డాక్టర్లను అడిగి తెలుసుకున్నవి మాత్రమే చెబుతాను. మందులు, ఆపరేషన్లు మీ డాక్టరు గారు నిర్ణయించవలసినవే. అయితే వారిని ఏమి అడగాలో మనకు తెలిసి ఉండాలి.

తుంటి కీలు బంతి, గిన్నె వంటిది. తొడ ఎముక పై కొన బంతిలాగా ఉండి, కటి ఎముకలోని గిన్నెలో తిరుగుతుంది. మోకాలు తలుపు బందు వంటిది. రెండింటిలోనూ ఎముకల కొనలకు నున్నటి మృదులాస్థి పూత ఉంటుంది. మనవాళ్ళు "గుజ్జు అరిగింది" అనేది దీనినే. మోకాలిలో ఇది గాక నెలవంక ఆకారంలో రెండు మెత్తలు ఉంటాయి. వాటిని మెనిస్కస్ అంటారు. ఎముకను ఎముకతో కట్టి ఉంచే తాళ్ళవంటివి లిగమెంట్లు.

ఎక్స్‌రేను 1895లో జర్మనీలో రాంట్‌జెన్ కనిపెట్టాడు. అందులో ఎముక బాగా కనిపిస్తుంది. గుజ్జు, మెత్తలు, లిగమెంట్లు కనిపించవు. రెండు ఎముకల మధ్య సందు ఎంత ఉన్నదో చూసి గుజ్జు ఎంత అరిగిందో డాక్టరు అంచనా వేస్తారు. ఇక్కడ ఒక ముఖ్య విషయం ఉన్నది. మోకాలి అరుగుదలకు ఎక్స్‌రేను నిలబెట్టి తీయాలి. పడుకోబెట్టి తీస్తే శరీర బరువు మోకాలి మీద పడదు గనుక సందు ఉన్నదాని కంటే ఎక్కువగా కనిపించవచ్చు. "నిలబెట్టి తీస్తారా అయ్యా?" అని అడగడానికి మనం మొహమాటపడనక్కరలేదు.

ఎం.ఆర్.ఐ. పద్ధతి వేరు. ఇందులో ఎక్స్‌కిరణాలు లేవు. మన శరీరంలో సగానికి పైగా నీరే. నీటిలో హైడ్రోజన్ ఉన్నది. ఆ హైడ్రోజన్ కేంద్రకాలు చిన్న చిన్న అయస్కాంతాల వంటివి. బలమైన అయస్కాంతంలో మనిషిని పడుకోబెడితే అవి ఒక వరుసకు వస్తాయి. రేడియో తరంగాలు పంపితే వరుస తప్పుతాయి, తరంగాలు ఆపగానే మళ్ళీ సర్దుకుంటాయి. అలా సర్దుకునేటప్పుడు వెలువడే సంకేతాలను పట్టుకుని కంప్యూటరు బొమ్మ గీస్తుంది. నీరు, కొవ్వు ఎక్కడ ఎంత ఉన్నదో దానినిబట్టి గుజ్జు, మెత్త, కండరం, ఎముక లోపలి మజ్జ విడివిడిగా కనిపిస్తాయి. సాధారణంగా వాడే యంత్రం బలం 1.5 టెస్లాలు. అది భూమి అయస్కాంత బలానికి ముప్పై వేల రెట్ల పైమాట.

మన ఆఫీసు భాషలో చెప్పాలంటే ఎక్స్‌రే ఫైలు అట్ట మీది నంబరు, సబ్జెక్టు చూపిస్తుంది. ఎం.ఆర్.ఐ. లోపలి నోట్లను కాగితం కాగితంగా తిప్పి చూపిస్తుంది. అయితే ప్రతి ఫైలునూ విప్పి చదవనక్కరలేదని మనకు తెలుసు.

ఈ యంత్రం ఒకరి వల్ల అయినది కాదు. 1946లో అమెరికాలో బ్లాక్, పర్సెల్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు వేరువేరుగా దీని మూలసూత్రాన్ని కనుగొన్నారు. 1951లో బెంగుళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో జి. సూర్యన్ గారు ప్రవహించే ద్రవాలలో ఈ సంకేతాలు ఎలా మారుతాయో పరిశోధించి ప్రచురించారు. 1973లో లాటర్‌బర్ ఈ పద్ధతితో మొదటి బొమ్మను ప్రకటించాడు. 1977లో డమాడియన్ బృందం మనిషి శరీరాన్ని బొమ్మ తీసింది. లాటర్‌బర్‌కు, ఇంగ్లండులోని మాన్స్‌ఫీల్డ్‌కు 2003లో నోబెల్ బహుమతి వచ్చింది.

ఇక అసలు విషయానికి వస్తాను. ఎం.ఆర్.ఐ. ఎప్పుడు తప్పనిసరి?

మొదటిది, కింద పడినప్పుడు. మా వీధిలో రిటైరైన ఒక పంతులమ్మ గారు తడిగా ఉన్న బాత్‌రూములో జారి పడ్డారు. ఒక చోట ఎక్స్‌రే తీసి ఎముక విరగలేదని చెప్పి ఇంటికి పంపించారు. ఇంట్లో వాళ్ళు "ఏమీ లేదన్నారు గదమ్మా, లేచి రెండడుగులు వెయ్యి" అని బతిమాలారు. తైలం పెట్టి మర్దన చేయించారు. ఆమె కాలు కింద మోపలేక ఏడుస్తూనే ఉన్నారు. నాలుగో రోజున నెల్లూరుకు తీసుకుపోయి ఎం.ఆర్.ఐ. తీయిస్తే తొడ ఎముక మెడ దగ్గర సన్నటి పగులు బయటపడింది. ఎముక ఇంకా జరగలేదు గనుక స్క్రూలు వేసి సరిచేశారు. జరిగి ఉంటే బంతినే మార్చవలసి వచ్చేదని డాక్టరు గారు చెప్పారట. ఇటువంటి పగులు మొదట్లో ఎక్స్‌రేకు అందకపోవచ్చు. అందుకే ఎక్స్‌రేలో కనిపించకపోయినా తుంటి విరిగిందన్న అనుమానం ఉంటే ఎం.ఆర్.ఐ. తీయాలని, అది వెంటనే దొరకకపోతే సి.టి. స్కాన్ తీయాలని ఇంగ్లండు ప్రభుత్వ వైద్య మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఈ ఒక్క మాట గుర్తుంచుకోండి. పెద్ద వయసు వారు పడి కాలు మోపలేకపోతే, ఎక్స్‌రే బాగున్నదన్న ధైర్యంతో నడిపించవద్దు, మర్దన చేయించవద్దు.

రెండవది, తుంటి బంతికి రక్త ప్రసారం తగ్గి ఎముక చచ్చిపోయే జబ్బు. అవాస్క్యులర్ నెక్రోసిస్ అంటారు. దీర్ఘకాలం స్టెరాయిడ్లు వాడిన వారికి, అతిగా మద్యం తాగేవారికి, తుంటికి దెబ్బ తగిలిన వారికి వస్తుంది. కోవిడ్ రెండవ విడత తరువాత 2021లో స్టెరాయిడ్లు వాడిన వారిలో కొందరికి ఇది వచ్చినట్లు ముంబయి డాక్టర్లు వెల్లడించారు. తొలి దశలో ఎక్స్‌రే మామూలుగానే ఉంటుంది, ఎం.ఆర్.ఐ.లో తెలుస్తుంది. బంతి కుంగకముందే తెలిస్తే దానిని నిలబెట్టే చికిత్సలు ఉన్నాయి. కుంగిన తరువాత చాలామందికి కీలు మార్పిడే గతి అవుతుంది. ఒక పక్కనే నొప్పి ఉన్నా రెండు తుంట్లూ చూస్తారు, ఎందుకంటే ఇది తరచు రెండు వైపులా వస్తుంది. నొప్పులకు ఊళ్ళో పేరు లేని పొట్లాలు, సూదులు వాడేవారు వాటిలో ఏమున్నదో తెలుసుకుని వాడాలి. ఈ మాట ముఖ్యంగా మన పిల్లలకు చెప్పండి. ఈ జబ్బు నడివయసు వారికే ఎక్కువగా వస్తుంది.

మూడవది, మోకాలు మెలిపడి వెంటనే వాచినా, మడత పడి తెరుచుకోకుండా పట్టేసినా, నడుస్తుంటే జారిపోతున్నట్లున్నా లిగమెంటు, మెత్తల సంగతి తేలాలి. నాలుగవది, రాత్రిళ్ళు కూడా తగ్గని నొప్పి, జ్వరం, బరువు తగ్గడం వంటివి ఉంటే చీము, గడ్డ ఏదైనా ఉన్నదేమో చూడాలి.

మరొక తమాషా ఉన్నది. తుంటి చెడితే నొప్పి మోకాలిలో తెలియవచ్చు. గజ్జలో నొప్పి, చెప్పులు తొడుక్కోలేకపోవడం, బాసింపట్టు వేసుకోలేకపోవడం తుంటికి గుర్తులు. అందుచేత మోకాలు చూపించుకోబోయినా తుంటిని కూడా తిప్పి చూడమని అడగండి.

ఇక ఎం.ఆర్.ఐ. అక్కరలేనిది ఎప్పుడు? మనలో చాలామందికి ఉన్నది మామూలు అరుగుదల. దానికి డాక్టరు చెయ్యి వేసి చూడటం, నిలబెట్టి తీసిన ఎక్స్‌రే సాధారణంగా సరిపోతాయి. అసలు వయసు వచ్చిన మోకాలిని ఎం.ఆర్.ఐ. తీస్తే ఏదో ఒకటి కనిపించక మానదు. అమెరికాలో ఫ్రేమింగ్‌హామ్ అనే ఊళ్ళో 50 నుండి 90 ఏళ్ళ లోపు 991 మందిని, నొప్పి ఉన్నా లేకపోయినా, ఎం.ఆర్.ఐ. తీసి 2008లో ఫలితాలు ప్రచురించారు. 70 దాటిన మగవారిలో నూటికి 56 మందికి మెత్త చిరిగి ఉన్నది. చిరుగు ఉన్నవారిలో నూటికి 61 మందికి అంతకు ముందు నెలలో మోకాలి నొప్పే లేదు! అంటే రిపోర్టులో "టేర్" అని ఉన్నంత మాత్రాన నొప్పికి కారణం అదేనని చెప్పలేము.

మా ఇంటావిడ విషయంలో ఇదే జరిగింది. మోకాలి నొప్పికి తీసిన ఎం.ఆర్.ఐ. రిపోర్టులో మెత్త చిరిగిందని వచ్చింది. బెంగుళూరులో ఉన్న మా అబ్బాయి ఫోనులో చదివి కంగారుపడి, "నాన్నా, వెంటనే ఆపరేషన్ చేయిద్దాం" అన్నాడు. ఎముకల డాక్టరు గారు కాలు మడిచి, చాపి, నడిపించి చూసి, "ఇది వయసు చిరుగు, బొమ్మకు కాదమ్మా వైద్యం, మీకు" అన్నారు. తొడ కండరం గట్టిపడే వ్యాయామం మూడు నెలలు చేయించారు, కొంచెం బరువు తగ్గమన్నారు. ఈ చైత్రంలో కోదండరామస్వామి బ్రహ్మోత్సవాలకు ఆమె నడిచే వచ్చింది. నొప్పి బొత్తిగా పోలేదు, కానీ పని జరుగుతున్నది.

అరిగిన మోకాలిలో గొట్టం పెట్టి శుభ్రం చేసే ఆపరేషన్ మీద 2002లో అమెరికాలో ఒక పరిశోధన వచ్చింది. 180 మందిలో కొందరికి నిజమైన ఆపరేషన్ చేశారు, కొందరికి చర్మం మీద కోతలు మాత్రమే పెట్టారు. రెండేళ్ళు గమనించినా ఇద్దరి మధ్య తేడా కనిపించలేదు. అరుగుదల మోకాళ్ళకు ఆ ఆపరేషన్ వద్దని 2017లో అంతర్జాతీయ వైద్య బృందం గట్టిగా సిఫారసు చేసింది. కాబట్టి రిపోర్టు చేతికి రాగానే పొలం కాగితాలు బయటికి తీయవద్దు. రెండో డాక్టరు అభిప్రాయం తీసుకోండి. కీలు మార్పిడి నిజంగా అవసరమైతే అది మంచి ఆపరేషనే. 2017 ఆగస్టులో కేంద్ర ప్రభుత్వం మోకాలి కీళ్ళ ధరలకు పరిమితి కూడా పెట్టింది. సుమారు 1,58,000 రూపాయలకు అమ్మే సాధారణ రకం కీలును 54,720 రూపాయలకు దించారు.

మన ప్రాంతానికి సంబంధించి ఒక మాట. కీళ్ళు బిగుసుకుపోవడానికి నీరు కూడా కారణం కావచ్చు. మన దేశంలో ఫ్లోరోసిస్ జబ్బును తొలిసారి వివరంగా వైద్య లోకానికి తెలిపింది 1937లో, అప్పటి మద్రాసు రాజధానిలోని మన నెల్లూరు జిల్లా నుండే. పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతాలు అప్పుడు మన జిల్లాలోనివి. 1970లో ప్రకాశం జిల్లాలో కలిశాయి. మన బుచ్చి దగ్గరి కనిగిరి రిజర్వాయరు వేరు, ఆ కనిగిరి వేరు. 1973లో హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థ వారు నల్లగొండ జిల్లాలో పిల్లల మోకాళ్ళు లోపలికి వంగిపోవడం గమనించి రాశారు. ఈ జబ్బును తేల్చడానికి సాధారణంగా ఎక్స్‌రే, నీటి పరీక్ష, మూత్ర పరీక్ష చాలు. వెన్నుపాము నొక్కుకున్నదన్న అనుమానం ఉంటేనే ఎం.ఆర్.ఐ. కావాలి. ఆ మెట్ట ప్రాంతాలలో చాలాకాలం ఉద్యోగం చేసి వచ్చిన వారు ఆ సంగతి డాక్టరుకు చెప్పండి. లీటరు నీటిలో ఫ్లోరైడ్ 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు.

స్కాన్‌కు వెళ్ళేవారికి కొన్ని సూచనలు.

ఒకటి, పేస్‌మేకరు, తల లోపల క్లిప్పులు, చెవి లోపల అమర్చిన యంత్రం, ఎప్పుడైనా కంట్లో పడిన ఇనుప రజను ఉంటే ముందే చెప్పాలి. పాత ఆపరేషన్ కార్డులు వెంట తీసుకుపోవాలి. ఈ మధ్య పేస్‌మేకర్లలో కొన్నింటికి స్కాన్ తీయవచ్చు గానీ ఆ నిర్ణయం వారిదే.

రెండు, యంత్రం పనిచేయనప్పుడు కూడా అయస్కాంతం పనిచేస్తూనే ఉంటుంది. 2018 జనవరిలో ముంబయిలో రోగికి తోడుగా వెళ్ళిన యువకుడు ఆక్సిజన్ సిలిండరుతో ఆ గదిలోకి వెళ్ళగా అయస్కాంతం లాగివేసి ప్రాణం పోయింది. కాబట్టి తోడు వెళ్ళేవారు కూడా తాళాలు, సెల్‌ఫోను, ఊతకర్ర, ఏ.టి.ఎం. కార్డు బయటే పెట్టాలి.

మూడు, మొలతాడు, మెట్టెలు, పుస్తెలు తీయమంటారు. మన ఆడవారు బాధపడతారు. బంగారం అయస్కాంతానికి అంటదు గానీ అందులో ఏ లోహం కలిసిందో, కొక్కెం దేనితో చేశారో తెలియదు, బొమ్మ కూడా చెడవచ్చు. కాసేపు పసుపుకొమ్ము దారం కట్టుకుని వెళ్ళవచ్చునని ఇంట్లోనే నచ్చజెప్పి తీసుకెళ్ళండి.

నాలుగు, అరగంట, ముప్పావుగంట కదలకుండా పడుకోవాలి. లోపల దడదడ మోత వస్తుంది. చెవులకు దూది లేదా హెడ్‌ఫోన్లు ఇస్తారు. మోకాలి పరీక్షకు కాళ్ళ వైపు నుండి లోపలికి పంపుతారు, తల చాలావరకు బయటే ఉంటుంది, భయపడనక్కరలేదు.

ఐదు, మందు ఎక్కించి తీయడం మోకాలికి, తుంటికి తరచు అవసరం ఉండదు. ఎక్కిస్తామంటే మూత్రపిండాల జబ్బు ఉన్నవారు ముందుగా చెప్పాలి.

ఆరు, డాక్టరు చీటీ, ఒరిజినల్ బిల్లు, రిపోర్టు, సి.డి. అన్నీ భద్రపరచండి. హెల్త్ స్కీములో ఏది వస్తుందో ముందే అడిగి తెలుసుకోండి. కాగితం లేనిదే క్లెయిము లేదని మనకు ఎవరూ నేర్పనక్కరలేదు.

చివరిగా డాక్టరు గారు ఎం.ఆర్.ఐ. రాసినప్పుడు ఒక్క ప్రశ్న వినయంగా అడగండి: "అయ్యా, ఈ పరీక్షలో ఏది తేలితే నా వైద్యం మారుతుంది?" మారుతుందంటే అప్పు చేసైనా తీయించుకోండి, ఆలస్యం చేయకండి. మారదంటే ఆ డబ్బుతో గట్టి చెప్పులు కొనుక్కుని, బాత్‌రూములో పట్టుకోవడానికి కడ్డీ బిగించుకుని, రోజూ తొడ కండరాల వ్యాయామం చేసుకోండి.