అడవి చెరువు చెంత విడిది
(పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగము)



గ్రామ యువకులు అడవిలోని చెరువు కడ రెండు రాత్రులు గడిపి రావలెనని కోరినప్పుడు, మనలో కొందరు అది విలాసమని త్రోసిపుచ్చుదురు. మరికొందరు బండి మాట్లాడి పంపివేయుదురు. రెండును సరికావు. యాత్ర మంచిదే. కాని దాని క్షేమము అడవిలో గాక, బయలుదేరుటకు ముందే మన గ్రామములో నిర్ణయమగును.

పాఖాల చెరువునే చూడుడు. నర్సంపేటకు తూర్పున, కొండల నడుమనున్న ఈ చెరువు కాకతీయ గణపతిదేవుని కాలమున (1199-1262) నిర్మింపబడినది. దీని నీరు దిగువ పొలములకు పారును. చుట్టునున్న అడవి 1952లో అభయారణ్యమైనది. అచట మన ఇష్టము వచ్చినట్లు దిగుటకు వీలులేదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము అనుమతి పొందవలెను. కావున మొదటి పని అటవీ అధికారిని కలిసి, ఎందరు, ఎన్ని దినములు, ఎచట బస అని వ్రాసి యిచ్చుట.

ఇక నీటి మాట. కొన్ని సంవత్సరముల క్రిందట మేము కొందరు యువకులతో ఇట్టి యొక అడవి చెరువునకు పోయితిమి. బియ్యము, పప్పు, పాత్రలు అన్నియు లెక్కించితిమి. నీటిని మాత్రము లెక్కింపలేదు. చెరువు ప్రక్కన నీటికి కొదవ యేమని తలంచితిమి! రెండవనాడు చెరువు నీరు త్రాగిన ముగ్గురికి వాంతులు, విరేచనములు పట్టుకొన్నవి. బండిని తిరిగి పంపివేసితిమి, ఫోను పలుకలేదు. సమీపమున నున్న గూడెము వారు ఎడ్లబండి కట్టి రోడ్డు చేర్చిరి గనుక పిల్లలు దక్కిరి. ఆ తప్పు మాది.

అందుచేత చెప్పుచున్నాము: త్రాగుటకు, వంటకు మనిషికి దినమునకు 5 లీటర్లు చొప్పున లెక్కింపుడు. 20 మందికి మూడు దినములకు 300 లీటర్లు, అనగా 20 లీటర్ల డబ్బాలు 15 కావలెను. అవి చాలనిచో, చెరువు నీటిని వడగట్టి, బాగుగా తెర్లనిచ్చి మాత్రమే త్రాగవలెను. ఓఆర్ఎస్ పొట్లములు, దోమతెరలు, చేతిదీపములు మరువరాదు. ఒక బండి రాత్రింబవళ్ళు అచటనే యుండవలెను. పాము కరచినచో కోయుట, బిగించి కట్టుట కూడదు. కరచిన అవయవమును కదలనీయక వెంటనే ఆసుపత్రికి చేర్చవలెను. ఆ ఆసుపత్రి ఏదో ముందే తెలిసికొనుడు.

వర్షములు వెనుదీసిన పిమ్మట, చలికాలము యాత్రకు అనువైనది. మాఘము దాటినచో ఆకు రాలి యెండును. చుట్టముక్క చాలును అడవి తగులబడుటకు. అధికారి చూపిన చోట తప్ప పొయ్యి పెట్టరాదు. లేచునప్పుడు నిప్పుపై నీరు పోసి, బూడిదను చేతితో తాకి చల్లారినదని తెలిసికొనవలెను. మొసళ్ళుండు చెరువులలో స్నానములు, ఈతలు వలదు. చీకటిపడిన పిదప నీటి యంచునకు ఎవ్వరును పోరాదు.

చివరి మాట. వెళ్ళువారి పేర్లు, తిరిగివచ్చు గడియ వ్రాసిన కాగితము పంచాయతీ కార్యాలయములో ఉంచుడు. ఆ గడియ దాటినచో వెదకుటకు పోవలసిన సభ్యుడెవరో ముందే నిర్ణయింపుడు. తెచ్చిన చెత్తనంతయు తిరిగి తీసికొనిరండు. ఆ నీటినే నమ్ముకొని దిగువను రైతులు నాట్లు వేసికొనుచున్నారు. వారు మనవంటివారే.