ఆకాశంలోని పంపకం
(పాఠశాల ప్లాటినం జూబిలీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



పరీక్షలలో ప్రశ్నపత్రాలను ఎ, బి, సి, డి సెట్లుగా పంచడం అందరూ ఎరిగినదే. పక్కపక్కన కూర్చున్నవారికి ఒకే సెట్టు రాకూడదు. అంతమాత్రాన ప్రతి విద్యార్థికీ ఒక కొత్త ప్రశ్నపత్రం తయారు చేయనక్కరలేదు. నాలుగు బల్లల అవతలివారికి అదే సెట్టు నిరభ్యంతరంగా ఇవ్వవచ్చు. రేడియో ఛానెళ్ల కేటాయింపునకు మూలసూత్రం ఇదే.

ప్రసారానికి అనువైన పౌనఃపున్యాలు పరిమితమైనవి. సమీపంలోని రెండు కేంద్రాలు ఒకే ఛానెల్‌ను వాడితే తరంగాలు కలిసిపోయి రెండు సందేశాలూ చెడిపోతాయి. అయితే దూరం పెరిగేకొద్దీ తరంగం బలహీనపడుతుంది. ఈ బలహీనతనే ఉపయోగంగా మలచుకొని, ప్రదేశాన్ని చిన్న చిన్న షడ్భుజాకార గదులుగా విభజించే పద్ధతిని అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌కు చెందిన డగ్లస్ రింగ్ 1947లో ఒక పత్రంలో ప్రతిపాదించాడు. సెల్ ఫోనుకు ఆ పేరు ఈ గదుల వల్లనే వచ్చింది. 70 ఛానెళ్లున్న నగరానికి ఒకే కేంద్రమైతే ఏకకాలంలో 70 సంభాషణలే సాగుతాయి. ఏడేసి గదులను ఒక గుంపుగా చేసి, గదికి 10 ఛానెళ్ల చొప్పున ఇస్తే, 70 గదులలో 700 సంభాషణలు సాగుతాయి. ఛానెల్ ఒక్కటైనా పెరగలేదు. పంపకం మాత్రమే మారింది.

నేటి వైఫైలోనూ ఇదే సమస్య. 2.4 గిగాహెర్ట్జ్ పట్టీలో మన దేశంలో 13 ఛానెళ్లున్నా, ఒక్కొక్కటి పక్క ఛానెళ్లలోకి వ్యాపిస్తుంది. కనుక సాధారణంగా 1, 6, 11 అనే మూడింటినే ఘర్షణ లేకుండా పంచుతారు. 20 కేంద్రాలకు 3 ఛానెళ్లు పంచే విధాలు 348 కోట్లకు పైగా ఉంటాయి. కేంద్రాలు పెరిగేకొద్దీ అన్ని విధాలనూ పరీక్షించడం కంప్యూటరుకు సైతం అసాధ్యం. అందుచేత ఇరుగుపొరుగు ఎక్కువై, ఎంపికకు వీలు తక్కువైన కేంద్రానికే ముందు కేటాయిస్తారు. టైం టేబులు వేసేవారు అన్ని తరగతులకూ ఉన్న ఒకే ఒక్క సైన్సు మాస్టారి పీరియడ్లను ముందుగా నింపడం ఈ వివేకమే. ఇది ప్రతిసారీ అత్యుత్తమ ఫలితాన్నే ఇస్తుందనలేము. కాని తక్కువ కాలంలో పనికివచ్చే ఫలితాన్నిస్తుంది.

పంపకానికి ముందే పక్కన పెట్టవలసినది మరొకటున్నది. సముద్రంపై 156.8 మెగాహెర్ట్జ్‌లోని 16వ ఛానెల్ ఆపద పిలుపులకు, తొలి పలకరింపులకు ప్రత్యేకించినది. అందులో ఒకరు వృథా సంభాషణ సాగిస్తే, మునుగుతున్న పడవ నుండి వచ్చే కేక ఎవరికీ వినిపించకపోవచ్చు.

ఉన్నది కొద్దిపాటిదైనా క్రమం తప్పకుండా పంచితే పదిమందికీ సరిపోతుంది. ఆపదలో ఉన్నవారికి మొదట, వీలు తక్కువగా ఉన్నవారికి తరువాత, వెసులుబాటు గలవారికి చివర. ఈ క్రమాన్ని ఈ బడి పిల్లలు గణితంగానూ, నడవడిగానూ అలవరచుకొందురు గాక.