సలహా అడుగుట



మన పల్లెలలో సలహా కొఱకు ఎవరును దూరము పోవలసిన పనిలేదు. రావిచెట్టు క్రింది రచ్చబండపై కొంతసేపు కూర్చున్నచో, అడిగినను అడుగకున్నను అది దొరకును. ఆ బండపై కూర్చుండి సలహా చెప్పు పెద్దలు మీరు, అడిగినవాడను నేను. అడిగినవానికి ఏది పనికివచ్చినదో, ఏది పనికిరాలేదో నా యనుభవము నుండి నేడు మనవి చేసికొందును.

2009వ సంవత్సరమున నాకు బ్రాంచి పోస్టుమాస్టరు పని దొరకినది. ఆ ఊరు మా ఊరికి 20 కిలోమీటరుల దూరము. గ్రామీణ తపాలా సేవకుల నిబంధనల ప్రకారము పని దినమునకు 5 గంటలకు మించదు. బ్రదుకుతెరువునకు వేఱొక ఆధారము కూడ నుండవలెను. కాపురము ఆ ఊరనే యుండవలెను. మాకు నాలుగెకరముల మెట్ట కలదు. తల్లి లేదు. తండ్రిగారికి అరువది యేండ్లు దాటినవి. ఈ పని చేపట్టుటయా, మానుటయా? చేపట్టినచో మిగిలిన ప్రొద్దును ఏ వ్యాసంగముతో గడపుదును? ఈ రెండు ప్రశ్నలను రచ్చబండపై నుంచితిని.

“సర్కారు పని, కన్ను మూసికొని పొమ్ము” అని యొకరు. “ఆ జీతము ఎడ్లమేతకైనను చాలదు” అని వేఱొకరు. “ముసలితండ్రిని విడిచిపోవువాడు కొడుకా?” అని మఱియొకరు. వ్యాసంగము మాట వచ్చునప్పటికి ఒకరు చీట్లపేక యనిరి, ఒకరు కిరాణాకొట్టు పెట్టుమనిరి. వారెవరును చెడ్డవారు కారు. కాని తామైనచో ఏమి చేయుదురో చెప్పిరే గాని, నాకు తెలియనిదానిని తెలుపలేదు. ఇంటికి వచ్చునప్పటికి నాకున్న కొలది తెలివియు చెదరిపోయినది.

మఱునాడు, ఆ పనులను స్వయముగా చేసినవారిని వెదకికొని పోయితిని.

మొదటివాడు ముప్పదియేండ్లు ఉత్తరములు పంచి విశ్రాంతి పొందిన వృద్ధుడు. ఆయన నన్ను పొమ్మనలేదు, వద్దనలేదు. పని నడచు తీరు చెప్పినాడు. “ముసలమ్మ యొకతె కొంగుముడి విప్పి నూఱు రూపాయలు నీ చేత పెట్టును. ఆమె యెదుటనే లెక్కించి, పాసుపుస్తకములో వ్రాసి, ముద్ర వేయుము. తరువాత వ్రాయుదునని ఉంచుకొనకుము. లెక్కలోని నిలువయు పెట్టెలోని సొమ్మును సరిపోవువఱకు దీపము ఆర్పకుము” అనెను. మన దేశమున తపాలా పొదుపు ఖాతాలు 1882లో ప్రారంభమైనవి. నాటినుండి నేటివఱకు, చదువురాని మనిషి ఆ పుస్తకములోని అంకెను గాక వ్రాసిన చేతిని నమ్ముచున్నది. ఆ మాటతో నా పని యేదో నాకు తెలిసినది.

రెండవవాడు తేనెటీగలను పెట్టెలలో పెంచు రైతు. పెట్టె కాళ్లను నీటిపళ్లెములలో నుంచి చీమలను తప్పించుట, వానలో మూత తీయకుండుట, ఈగలకు కరవుకాలమునకు కావలసిన తేనెను విడిచి తీయుట, ఇవన్నియు చూపినాడు. పిదప నిట్లనెను: “పెట్టెను కొలది దూరము జరిపినచో ఈగలు మేతకు పోయి పాత తావునకే తిరిగి వచ్చి నశించును. రాత్రి అన్నియు లోన చేరిన తరువాత ద్వారము మూసి, కొన్ని కిలోమీటరుల కవతల నుంచినచో క్రొత్త తావును గుర్తుపట్టుకొనును.”

అంతవఱకు నా యాలోచన యేమనగా, పేరునకు అక్కడ నొక గది తీసికొని, దినమును ఇంటినుండి పోయి వచ్చుట. అది నిబంధనకు విరుద్ధమే గాక, ఏ ఊరివాడను కాకుండ చెడుట యని ఆ మాటతో తోచినది. పోవుటకే నిశ్చయించితిని.

మూట గట్టుకొను దినమున తండ్రిగారు గడపలో నిలిచి, “ఊరందఱిని అడిగితివి. నన్నడుగవైతివేమిరా?” అనిరి.

నాకు మాట రాలేదు. కాదందురేమో యను భయముచేతనే అడుగలేదు. ఆయన మెల్లగా, “పొలము కౌలున కియ్యవలెనని నేను ఏడాదినుండి అనుకొనుచున్నాను. నీవు దిగులుపడుదువని చెప్పలేదు. నాకొఱకు నీవును, నీకొఱకు నేనును ఆగినాము” అనిరి.

క్రొత్త ఊరిలో పెరటియందు రెండు పెట్టె లుంచితిని. మొదటి యేడు ఆశకొలది తేనె తీసినందున ఒక పెట్టెలోని ఈగలు లేచిపోయినవి. అది నాకు చెప్పనివారి తప్పు కాదు. విని పాటింపని నా తప్పు. తండ్రిగారు పండుగలకు వచ్చి, రెండవ పెట్టె యొద్ద చాలసేపు కూర్చుండెడివారు. మూడవయేట కాలము చేసిరి. కబురంది నేను చేరునప్పటికి తెల్లవారినది. ఆ రాత్రి ప్రక్కన లేకపోతినను బాధను, నన్ను పొమ్మన్నవారు గాని వద్దన్నవారు గాని మోయలేరు, అది నాదే. అయినను పనిలో చేరినందుకు నాకు విచారము లేదు. ఆయనను ముందుగా అడుగనందుకే విచారము.

కావున పెద్దలకు నాదొక మనవి. పడుచువాడెవడైన క్రొత్త పనిని గూర్చి మీ యొద్దకు వచ్చినప్పుడు, పొమ్మనుటకును వద్దనుటకును తొందరపడకుడు. మీ చేతితో చేసి యెఱిగినది చెప్పుడు. ఎఱుగనిచో ఎఱిగినవాని యిల్లు చూపుడు. అటుపిమ్మట, “ఇంటిలో అడిగితివా?” అని యొక్కమాట యడుగుడు. మా రచ్చబండపై ఆనాడు ఆ మాట అడిగినవారు లేకపోయిరి.