కంప్యూటర్ కన్నా ముందు కట్టుబాటు

(సేవాలాల్ మహరాజ్ జయంతి సందర్భంగా పానగల్‌లో చేసిన ప్రసంగ పాఠం)



మన సంఘానికి కంప్యూటర్ కొనాలని, మహిళా సంఘాల అక్కలు కుట్టే అద్దాల బట్టలను ఆన్‌లైన్‌లో అమ్మాలని అనుకుంటున్నాం. మంచి ఆలోచన. కొనే ముందు నా అనుభవం ఒకటి చెప్తాను.

గతంలో నేను పనిచేసిన ఒక హాస్టల్‌కు కంప్యూటర్ వచ్చింది. దాన్ని నడపడం ఒక్క అబ్బాయికే వచ్చు. పాస్‌వర్డ్ కూడా అతని దగ్గరే. సరిగ్గా స్కాలర్‌షిప్ దరఖాస్తుల సమయంలో అతనికి వేరే ఉద్యోగం దొరికి వెళ్లిపోయాడు. తీరా చూస్తే ముగ్గురు ఆడపిల్లల పేర్లు కుల ధ్రువపత్రంలో ఒక రకంగా, ఆధార్‌లో ఇంకో రకంగా ఉన్నాయి. సరిచేయించేసరికి గడువు దాటింది. ఒక పిల్ల తండ్రి కూలి మానుకొని నాలుగుసార్లు తిరిగాడు. తప్పు యంత్రానిది కాదు, ఆ అబ్బాయిది కాదు. వార్డెన్‌గా నాది.

మరుసటి జూన్ నుంచి పద్ధతి మార్చాను. పిల్ల చేరిన రోజే ఆధార్, కుల ధ్రువపత్రం, బ్యాంకు పాస్‌బుక్ పక్కపక్కన పెట్టి పేరు అక్షరం అక్షరం చూస్తాం. ముందు రిజిస్టర్‌లో, తర్వాతే కంప్యూటర్‌లో ఎక్కిస్తాం. ప్రతి పని ఇద్దరికి వచ్చి ఉండాలి. కంప్యూటర్ అదే. కానీ ఆ తర్వాత పేరు తేడాతో ఏ పిల్ల దరఖాస్తూ ఆగలేదు.

ఇక్కడున్న అక్కలకు స్త్రీనిధి తెలుసు. 2011లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైంది. ఫోన్ ద్వారా అప్పు అడిగితే 48 గంటల్లో డబ్బు ఖాతాలో వేయాలన్నది దాని పద్ధతి. అది ఫోన్ మహిమేనా? కాదు. అప్పటికే సంఘాలకు పంచసూత్రాలు అలవాటయ్యాయి: క్రమంగా సమావేశం, పొదుపు, అంతర్గత అప్పులు, తిరిగి చెల్లింపు, పుస్తకాల నిర్వహణ. సమాఖ్య గ్రేడును బట్టే అప్పు పరిమితి. పుస్తకం సరిగ్గా ఉన్న చోటే ఫోన్ పనికొచ్చింది.

మనకు ఇది కొత్త కాదు. మన పూర్వీకులు ఎడ్ల మీద ఉప్పు, ధాన్యం వేసుకొని దక్కన్ అంతా లదేణి చేశారు. తండాకు నాయక్ ఉన్నాడు, కార్భారి ఉన్నాడు. ఎవరి పని వారిది. ఆ కట్టుబాటు లేకుండా అన్ని ఎడ్లు, అంత సరుకు అంత దూరం పోయేవా?

అందుకే అక్కలారా, ఈ ఆరు నెలలు నోటుబుక్కుతోనే మొదలుపెడదాం. ఒక్కో బట్టకు గుడ్డ, అద్దాలు, దారం ఎంతయ్యాయి, ఎన్ని రోజుల చేతిపని పట్టిందో రాద్దాం. అది తెలియకుండా ధర పెడితే నష్టానికే అమ్ముతాం. ఆన్‌లైన్‌లో అయితే ఆ నష్టం ఇంకా తొందరగా వస్తుంది. కొనేవాళ్లకు ఎవరు జవాబు చెప్పాలి, పార్శిల్ ఎవరు కట్టాలి, వాపసు వస్తే ఎవరు చూడాలి, ఇద్దరిద్దరి పేర్లు రాసి గోడకు అంటిద్దాం. డబ్బు సంఘం ఖాతాలోకే రావాలి, ఎవరి సొంత ఫోన్‌కూ కాదు. ఓటీపీ అడిగినవాళ్లకు చెప్పొద్దు. నెలకోసారి లెక్క అందరి ముందు చదవాలి, చదువు రాని యాడీకి కూడా అర్థమయ్యేలా.

ఇది అలవాటయ్యాక కంప్యూటర్ కొందాం. కొన్న రోజు మా హాస్టల్ పెద్దపిల్లలను వెంటబెట్టుకొని నేనే వస్తాను. ఎంత కాలం పట్టినా కూర్చొని నేర్పుతాం.

జై సేవాలాల్.