గో భాషలోని పనుల పట్టిక



మన కాజీపేట చెంత 1959లో నెలకొల్పఁబడిన ఇంజనీరింగు కళాశాల 2002లో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ యైనది. అందుఁ జదువు మనుమలు సెలవులకు వచ్చి ‘గో’ యని ముచ్చటించుకొన్నచో గోమాతను గూర్చి యనుకొనకుఁడు. అది 2009లో గూగులు సంస్థ వెల్లడించిన కంప్యూటరు భాష. రాబర్టు గ్రీసెమర్, రాబ్ పైక్, కెన్ థాంప్సన్ అను మువ్వురు దానికి కర్తలు.

ఆ భాషలో ఇంటర్ఫేసు అనఁగా పనుల పట్టిక. పట్టికలోని పనులన్నియుఁ జేయఁగలిగినది ఏదైనను దానికి సరిపడినదే. కట్టుబడితినని పత్రము వ్రాసి యీయ నక్కఱలేదు. మంత్రము చెప్పి పెండ్లి చేయింపఁగలవానిని పురోహితుఁ డందుము గాని పట్టా చూపు మనము గదా.

స్ట్రక్టు అనఁగా కొన్ని వివరములను ముడివేసిన మూట. ఒక మూటలో మఱియొక మూటను వేఱుపేరు పెట్టకయే యిముడ్పవచ్చును. అప్పుడు లోపలిదాని విద్యలు వెలుపలిదానికిని సంక్రమించును. పని చేయునది మాత్రము లోపలిదే. తన్నుఁ జుట్టియున్నది ఎవరో దానికిఁ దెలియదు. వెలుపలిది అదే పేరుతోఁ దన పద్ధతి వ్రాసికొన్నచో అదియే చెల్లును. ఉత్సర్గమును అపవాదము బాధించుట వైయాకరణులకుఁ గొత్త గాదు. ఒకే మట్టమున నున్న రెండు మూటలలో ఒకే పేరుగల పని యున్నచో ఏదియుఁ బైకి రాదు.

వరుస పేర్చుటకై ఆ భాషతో వచ్చు గ్రంథాలయములో మూఁడు పనుల పట్టిక కలదు: ఎన్ని యున్నవో చెప్పుట, రెంటిలో ఏది ముందో చెప్పుట, రెంటి చోట్లు మార్చుట. క్రిందు మీఁదుగాఁ బేర్చుటకు అందే యొక చిన్న స్ట్రక్టున్నది. అది ఆ పట్టికనే తనలో నిముడ్చుకొని, రెండవ పనిని మాత్రము తిరగవేసి వ్రాసికొన్నది. ఈ పొదుపు నాకు మిక్కిలి ముచ్చట గొలిపినది.

సరిపడినదో లేదో ముందే తేల్చుకొనుటకు ఒక పరీక్షావాక్యము వ్రాయుదురు. పేరునకు బదులు అడుగుగీఁత పెట్టి, ఇంటర్ఫేసు చోట ఆ స్ట్రక్టు యొక్క శూన్యసూచిక నుంతురు. పని తక్కువైనచో, ప్రోగ్రామును యంత్రభాషలోనికి మార్చు కంపైలరు అచ్చటనే యాపును.

మోసమంతయు నిచ్చటనే యున్నది. ఇమిడ్చినది స్ట్రక్టు గాక ఇంటర్ఫేసే యైనచో, పట్టికలోని పేర్లన్నియుఁ బైకి వచ్చును. పరీక్షావాక్యము తల యూఁపును. కాని పనిచేయు వస్తువును ఆ చోట ఎవరును ఉంచకున్న నది శూన్యమే. పిలిచిననాఁడు ప్రోగ్రాము నడుమఁ గూలును. గుమ్మముపై వైద్యుని పేరుపలక, లోపల ఖాళీ కుర్చీ! రోగి వచ్చువఱకు నెవరికిని దెలియదు. నేఁడు బియ్యము, పింఛను, పట్టాదారు పాసుపుస్తకము అన్నియుఁ బ్రోగ్రాముల చేతిలోనివే. ఏ భాషలో వ్రాసినను ఇట్టి కుర్చీ యొకటి మిగిలిన, వరుసలో నిలువవలసినవారు మనవంటి ముసలివారు.

కావునఁ బనులన్నియుఁ దానే వ్రాయఁదలఁచినవాఁడు ఇంటర్ఫేసును ఇముడ్పకుండుట మేలు. ఇముడ్పక తప్పనిచో, స్ట్రక్టును తయారుచేయునప్పుడే లోపలి వస్తువును అడిగి తీసికొని, ప్రతి పనిని ఒక్కసారియైనఁ బిలిచి చూడవలయును. పట్టికకుఁ గ్రొత్తపని చేర్చిననాఁడు ఈ భేదము మఱింత తెలియును. ఇముడ్పని స్ట్రక్టును పరీక్షావాక్యము వెంటనే పట్టియిచ్చును; ఇమిడ్చినది సడి లేక దాఁటిపోవును.