కత్తి పెట్టే ముందు: మేడపై స్తంభ జెముడు పెంపకం



1953లో ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్ర రాష్ట్రంలో చేరగా, బళ్ళారి మైసూరు రాష్ట్రంలో చేరింది. సరిహద్దు మారింది గాని గట్ల మీది జెముడు మారలేదు. తెలుగువారు జెముడు అనేదాన్ని కన్నడిగులు కళ్ళి అంటారు. అయితే రెండు భాషలూ రెండు వేర్వేరు కుటుంబాల మొక్కలను ఒకే పేరుతో పిలుస్తున్నాయి. పల్లె నుంచి తెచ్చినా, నర్సరీలో కొన్నా, కొమ్మ కోసే ముందు ఈ భేదం తెలిసి ఉండాలి.

పొలాల కంచెలలో పలకలు తేలి నిలిచే బొంతజెముడు యూఫోర్బియా కుటుంబానిది. ఈ దేశపు మొక్క. దాని ముళ్ళు జంటజంటలుగా ఉంటాయి. గాటు పడగానే తెల్లని పాలు కారుతాయి. ఆ పాలు చర్మాన్ని మండిస్తాయి. కంటిలో పడితే చూపుకే ముప్పు. పడిన వెంటనే శుభ్రమైన నీటితో కనీసం పావుగంట కడిగి, నేత్రవైద్యుని వద్దకు వెళ్ళాలి. పసిపిల్లలున్న ఇంట ఈ మొక్క లేకపోవడమే మేలు.

మేడలకు తగినది సెరియస్ అనే స్తంభాకారపు కాక్టస్. దాని పుట్టిల్లు దక్షిణ అమెరికా. పలకల అంచున నూగు మెత్తల వంటి చుక్కలు, ఒక్కొక్క చుక్క నుంచి గుత్తిగా ముళ్ళు ఉంటాయి. కోస్తే పాలు రావు. నీటివంటి జిగురు ఊరుతుంది. పగటి వేడికి పత్రరంధ్రాలు మూసుకొని, రాత్రి చల్లదనంలో గాలి పీల్చుకోవడం వల్ల ఇది తక్కువ నీటితో బ్రతుకుతుంది. తెల్లని పెద్ద పువ్వులు కూడా రాత్రివేళే విచ్చుకుంటాయి.

వానలు లేని రోజులలో, చేతికి మందపు తొడుగు వేసుకొని, శుభ్రమైన కత్తితో అడుగు పొడవు ముక్క కోయాలి. వెంటనే నాటరాదు. కోసిన చోటు ఎండి గట్టిపడేవరకు ఒకటి రెండు వారాలు నీడలో ఉంచాలి. పచ్చిగాయంతో నాటిన ముక్క కుళ్ళిపోతుంది.

బళ్ళారి నల్లరేగడి పత్తికి మంచిదే గాని ఈ మొక్కకు పనికిరాదు, తడిని విడవదు. ఎర్రమట్టిలో సగానికి సగం ముతక ఇసుక, చిన్న కంకర కలిపి, అడుగున రంధ్రమున్న బరువైన మట్టికుండీలో నింపాలి. ముక్కను లోతుగా పాతక, కర్ర ఊతతో నిలబెట్టాలి. వేరు పట్టేవరకు నీరు పోయనవసరం లేదు. తరువాత ఎండకు కొద్దికొద్దిగా అలవాటు చేయాలి. వేసవిలో మట్టి పూర్తిగా ఎండినప్పుడే పోయాలి, వానాకాలంలో మానాలి, చలికాలంలో నెలకొకసారి చాలు. ఈ మొక్క దాహంతో చావడం అరుదు, అతి ప్రేమతో చావడమే ఎక్కువ. మొదలు మెత్తబడితే, ఆరోగ్యమైన కండ కనిపించేవరకు పైకి కోసి, పై ముక్కను మళ్ళీ ఆరబెట్టి నాటుకోవచ్చు. కుండీ కింది పళ్ళెంలో నీరు నిలిస్తే డెంగీ దోమకు నివాసమవుతుంది; పళ్ళెమే వద్దు. పొడవు పెరిగిన స్తంభం గాలికి పడకుండా కుండీని పిట్టగోడకు దూరంగా ఉంచాలి.

చివరిమాట పొరుగువారి కోసం. కోసి పారేసిన ముక్క పడినచోటే వేరూనుతుంది. ఒకప్పుడు అమెరికా నుంచి వచ్చిన నాగజెముడు దక్షిణ భారతంలోని బీళ్ళను ఆక్రమించింది. దాన్ని అణచడానికి 1926లో సింహళం నుంచి కొచినీల్ పురుగును తెప్పించవలసి వచ్చింది. అందువల్ల మిగిలిన ముక్కలను కోటగుట్ట వాలులోనో కాలువ గట్టునో వేయరాదు. పూర్తిగా ఎండబెట్టి, ముళ్ళు గుచ్చుకోకుండా చుట్టి, ఆ సంగతి చెప్పి చెత్తబండి కార్మికుని చేతికి ఇవ్వాలి. పొరుగువారి బీడుకూ, చెత్త ఎత్తే చేతికీ ముల్లు కాకుండా పెంచినప్పుడే మేడ మీది మొక్క ఊరికంతా అందం.